అచ్చులో లేని చరణం

దయ్యం పట్టింది, పూనకం వచ్చింది అని ఎవరైనా మొదలుపెడితే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయే రకం నేను. ఈ విషయంలో మా అత్తగారింట్లో నాకు చాలా చెడ్డపేరు ఉంది. కాలేజీలో చరిత్ర చెప్తాను. ఇన్నేళ్ళుగా పిల్లలకు నేర్పిందల్లా ఒకటే: ఎవరు చెప్పారు, చూసి చెప్పారా, విని చెప్పారా అని అడగమని. అలాంటిదాన్ని ఇది రాయడానికి కూర్చున్నానంటే, రాయకుండా తప్పించుకునే దారులన్నీ అయిపోయాయని అర్థం.

చిక్కబళ్ళాపురం అప్పుడప్పుడే జిల్లా అయిన రోజులు. పుస్తకాల చరిత్ర, అచ్చు పని, చదువరులు, ఇలాంటి విషయాల మీద మా కాలేజీలో రెండు రోజుల సెమినారు పెట్టారు. బెంగళూరు, మైసూరు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. ఇక్కడివాళ్ళు కూడా ఒకరైనా పేపరు చదవకపోతే బాగుండదని నన్ను పట్టుకున్నారు. కారణం మా నాయన. ఆయన చింతామణిలో ముప్పైయేళ్ళు ప్రెస్సు నడిపాడు.

ప్రెస్సు అంటే పెద్దగా ఊహించుకోవద్దు. బజారు వీధి వెనక ఒక్క గది. అందులో కాలితో తొక్కితే నడిచే ట్రెడిల్ మెషిను. గోడవారన టైపు కేసులు, అంటే సీసపు అక్షరాలు వేసుకునే గళ్ళ చెక్కపెట్టెలు. పెళ్ళిపత్రికలు, జాతర కరపత్రాలు, పట్టుగూళ్ళ వ్యాపారుల చీటీలు, అప్పుడప్పుడూ పాటల పుస్తకాలు. మా వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అందుకని పాటల పుస్తకాల్లో మాట తెలుగుది, అక్షరం కన్నడానిది. మాకు అది వింత కాదు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నదే ఇరవై దాటాక, హిందూపురం బస్టాండులో బోర్డులు చదువుకుంటూ.

ఆదివారాలు ప్రెస్సులోనే గడిచేవి. అచ్చయిన కాగితాలు మడిచి, సూదీదారంతో కుట్టడం నా పని. కిరసనాయిలు, ఇంకు కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా ఒక నిమిషం ఆగుతాను. పని అయ్యాక నాయన బేకరీ నుంచి బన్ను తెచ్చి చెరి సగం చేసేవాడు. ఆయన ఎడమచేతి వాటం. అందరూ స్టిక్కు, అంటే అక్షరాలు పేర్చుకునే ఇనుప పట్టీ, ఎడమచేత పట్టుకుని కుడిచేత్తో పేరుస్తారు. ఈయన తిరగేసి కుడిచేత పట్టేవాడు. ఒక లైను నిండగానే బొటనవేలి గోటితో టిక్కుమని కొట్టి రెండోదానికి పోయేవాడు. నన్ను మాత్రం కేసు దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"అది సీసం మా. నీ చేతులు నల్లగా కాకూడదు. నువ్వు చదువుకో, అంతే," అనేవాడు.

అలా నేను ఒక్క టైపు కూడా ముట్టుకోకుండానే పెద్దదాన్నయ్యాను. బన్నుతోనే సరిపెట్టుకున్నాను.

ఇక అసలు సంగతి. నేను పుట్టడానికి రెండు మూడేళ్ళ ముందు మా నాయన ఒక పదహారు పేజీల పుస్తకం వేశాడు. పదకొండు తత్త్వాలు. కట్టింది నరసమ్మ అనే ఆవిడ. పుట్టింది గుడిబండె, మెట్టింది గూళూరు. చేలో కలుపు తీస్తూనూ, భజనల్లోనూ పాడేది. అక్షరమ్ముక్క రాదు. ఆమె కేసు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఒక్కొక్క వాక్యం పాడుతుంటే, మా నాయన విని నేరుగా సీసంలో పేర్చాడు. మధ్యలో కాగితం, రాతప్రతి ఏమీ లేవు. నోటి నుంచి అచ్చుకు. అలా చేయగలిగినందుకు ఆయనకు చాలా గర్వంగా ఉండేదట.

బజారులో బట్టల అంగడి ఉన్న ఒక శెట్టిగారు పుణ్యానికి కాగితం ఇచ్చాడు. సరిగ్గా పదహారు పేజీలకు వచ్చేంత. అట్ట మీద, కాగితం ఇచ్చాడు కాబట్టి, శెట్టిగారి పేరు వేశారు. నరసమ్మ పేరు అట్ట మీద వేయలేదు. అందులో ఏ మోసమూ లేదు. తత్త్వాలు కట్టేవాళ్ళ పేరు అట్ట మీద వేసే ఆనవాయితీ లేదు. ప్రతి పాటలోనూ చివరి చరణంలో పేరు చెప్పుకుంటారు కదా, అది చాలు.

చివరికి పేజీలు కట్టేటప్పుడు చూస్తే పాటలు పదహారు పేజీల్లో పట్టలేదు. ఇంకో నాలుగు పేజీలు కావాలి. ఇచ్చినాయన్ని మళ్ళీ కాగితం అడగడానికి మా నాయనకు మొహం చెల్లలేదు. ఒక్కొక్క పాటకూ చివరి చరణం తీసేశాడు. ఎలాగూ అందరికీ నోటికి వచ్చినవే కదా అనుకున్నాడట. పేర్చిన ఆ చరణాల అక్షరాలు విడదీసి మళ్ళీ గళ్ళలో వేసేశాడు. అట్ట సంగతి అనుకున్నది ఒక రోజు, ఇది చేసింది ఇంకో రోజు. రెండూ కలిపి చూసుకోలేదు. ఆమె పాటల పుస్తకంలో ఆమె పేరు ఎక్కడా లేకుండా పోయింది.

వారం తర్వాత నరసమ్మ గూళూరు నుంచి చింతామణికి వచ్చి, తనకిచ్చిన పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టింది. ఒక్క మాట అడిగిందట. "తల ఉండాది, నడుము ఉండాది. నా పాటలకి కాళ్ళు యాడపోయినాయప్పా?" జవాబు కోసం ఆగలేదు. మళ్ళీ రాలేదు.

మా నాయన రెండోసారి వేస్తానని మనిషిని పంపాడు. ఆమె ఒప్పుకోలేదు. కొన్నాళ్ళకు పోయింది. ఈలోగా జరగవలసిన నష్టం జరిగిపోయింది. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే పాడటం మొదలుపెట్టారు జనం. అచ్చు అంటే అంత గురి. చివరి చరణాలు నోళ్ళలోంచి కూడా జారిపోయాయి. పాటలు శెట్టిగారివే అన్నారు. పాపం ఆయన, నేను కాదు బాబూ అని చచ్చేదాకా చెప్పుకున్నాడు. వినయం అనుకున్నారు.

ఇదంతా మా నాయన నాకు చెప్పింది ఆయన ఆఖరి రోజుల్లో. కానీ దాని ఆనవాలు నేను చిన్నప్పుడే చూశాను. పని లేని మధ్యాహ్నాలు ఆయన స్టిక్కు పట్టుకుని కేసు ముందు ఊరికే నిలబడేవాడు. కళ్ళు మూసుకునేవాడు. చెయ్యి గళ్ళ మీద ఆడేది, రెండు మూడు అక్షరాలు ఎత్తేది, ఆగిపోయేది. మా అమ్మ పని దొంగ అని ఎగతాళి చేసేది. ఆ చరణాలు ఒకసారి ఆయన చేతితో పేర్చినవే కదా. నోరు మరిచిపోయినా చెయ్యి మరిచిపోదని ఆయన నమ్మకం. ఎన్నేళ్ళు నిలబడ్డా ఒక్క లైను రాలేదు. ఆఫ్‌సెట్ వచ్చాక ప్రెస్సు మూసేశారు, టైపు కరిగించేవాళ్ళకు పోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు ఆయనా పోయాడు. నాకు మిగిలింది ఆ పుస్తకం ఒక్క ప్రతి.

సెమినారులో నా పేపరు దాని మీదే, రెండో రోజు. కర్త పేరు దగ్గర "తెలియదు" అని టైపు చేసి పెట్టాను. చరణాలు పోయాయని, తీసేసింది మా నాయనేనని అంతమంది ముందు చెప్పే ధైర్యం లేదు. నరసమ్మ అని చెప్పాలంటే ఏం చూపించను? చూపించవలసిన చోటే కత్తిరించేశాం. ఆ వారమంతా సరిగా నిద్రపట్టలేదు.

మొదటి రోజు పొద్దున హాలు బయట వరండాలో చిన్న ప్రదర్శన పెట్టారు. బాగేపల్లిలో ప్రెస్సు పెట్టుకున్న హనుమంతప్ప అనే పెద్దాయన రెండు టైపు కేసులు, ఒక స్టిక్కు టెంపోలో వేసుకుని వచ్చాడు. పిల్లలకు కంపోజింగ్ ఎలా చేస్తారో చూపించాడు. కాఫీ తాగి అందరూ అక్కడే గుమిగూడారు. మా ప్రిన్సిపాల్‌కు మైకు దొరికితే చాలు. కంపోజిటర్ కూతురు మన మేడమే ఉన్నారు, ఒక లైను పేరుస్తారు అనేశాడు. నాకు రాదు మొర్రో అంటున్నా చప్పట్లు కొట్టారు.

సరే, కాలేజీ పేరు పేరుద్దాం, అక్షరానికి ఒక నిమిషం వెతుక్కుంటే అందరూ నవ్వుకుని వదిలేస్తారు అనుకున్నాను. పదకొండున్నర అయింది. ఎండ బాగా ఉంది. నాకు కళ్ళు తిరగలేదు, చెమట పట్టలేదు, ఒంట్లోకి ఎవరూ వచ్చినట్టు అనిపించలేదు. మొదటి అక్షరం ఎత్తడం గుర్తుంది. వంటవాళ్ళ వైపు నుంచి పితికిపప్పు సారు వాసన వస్తోంది, అది అనపకాయల కాలం. రాగిముద్దలోకి అది బాగుంటుంది, ఇంతమందికి సరిపోతుందా లేదా అని ఆలోచిస్తున్నాను. చుట్టూ మాటలు తగ్గాయి. పిల్లలకు విసుగొచ్చింది కాబోలు అనుకున్నాను.

హనుమంతప్ప నా భుజం తట్టాడు. "చాల్లేమ్మా, నాలుగు లైన్లు అయినాయి. స్టిక్కు నిండింది."

సగం లైను పేర్చి ఉంటానని నా లెక్క. గడియారం చూస్తే ఇరవై నిమిషాలు దాటింది.

"ఎవురమ్మా నీకు ఈ పని నేర్పించింది?" అన్నాడాయన.

ఎవరూ నేర్పలేదని చెప్పాను.

"ఎడమ చేత్తో ఎత్తేది, లైనుకొకసారి గోటితో కొట్టేది... ఇట్ల చేసేది చింతామణిలో ఒకాయన్ని చూసినా. పిన్న వయసులో ఆయన కాడ ఆర్నెల్లు పని చేసినా."

ఆయన మా నాయన అన్నాను. హనుమంతప్ప తల ఊపి అక్షరాల మీద ఇంకు రాశాడు. కాగితం పరిచి బ్రష్షుతో తట్టి ప్రూఫు తీశాడు. అక్కడున్న ఒక డిగ్రీ అమ్మాయి దాన్ని అందుకుని కన్నడం అనుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. రెండు మాటలకే తడబడి, "ఇది తెలుగు కదా మేడం," అని మళ్ళీ మొదటి నుంచి చదివింది.

*రాళ్ళు దున్నినవాడు రాగులు తిన్నాడు*
*మాటలు దున్నినదాన్ని నేనేమి తింటి*
*గుడిబండెలో పుట్టి గూళూరు మెట్టిన*
*నరసమ్మ మాటిది నలుగురు వినరమ్మా*

మూడో లైను దగ్గర నేను బల్ల పట్టుకున్నాను. పుస్తకంలో ఏడో పాట సేద్యం మీద. ఆ పాట వరస, ఈ నాలుగు లైన్ల వరస ఒకటే. ఒక్క అక్షరం తలకిందులు పడలేదు. మొదటి ప్రూఫు ఇట్ల తప్పు లేకుండా రావడం చానా తక్కువని హనుమంతప్ప అన్నాడు. మిగతావాళ్ళు ముందే నేర్చుకుని వచ్చానని అనుకుని మెచ్చుకున్నారు. పితికిపప్పు నాకు దక్కలేదు. స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చుని ఆ కాగితం వంక చూస్తూ ఉండిపోయాను.

నాకు నేనే అడ్డుప్రశ్నలు వేసుకున్నాను. చిన్నప్పుడు ఎప్పుడో విని ఉంటావు అన్నాను. ఆమె ప్రెస్సుకు రావడం మానేసింది నేను పుట్టకముందు. మా నాయన పాడగా విని ఉంటావు అన్నాను. ఆయనకు గుర్తుంటే అన్నేళ్ళు కేసు ముందు ఎందుకు నిలబడతాడు? నువ్వే కట్టి ఉంటావు అన్నాను. నాకు ఒక వాక్యం పాట కట్టడం వస్తే మా అత్తగారు నన్ను ఇంకోలా చూసేది. తర్వాత పిల్లలు తీసిన ఫోటోలు చూశాను. మూడింటిలోనూ స్టిక్కు నా కుడిచేతిలో ఉంది. ఎడమచెయ్యి కేసు మీద ఉంది. నేను అన్నం తినేది, రాసేది, బోర్డు మీద గీసేది అంతా కుడిచేత్తోనే.

రెండో రోజు పేపరు చదివేటప్పుడు రాసుకున్నది పక్కన పెట్టేశాను. ఈ పాటలు కట్టింది నరసమ్మ, ఆమె పేరున్న చరణాలు తీసేసింది మా నాయన అని చెప్పాను. ఒక చరణం దొరికిందని చదివి వినిపించాను. వ్యాసాలన్నీ కలిపి పుస్తకంగా తెస్తున్న బెంగళూరు ప్రొఫెసర్ వెంటనే అడిగాడు, ఎక్కడ దొరికింది అని. అడగాలి కూడా. నేనైనా అదే అడిగేదాన్ని. ఆ వివరం వ్యాసంలో రాసిస్తానని తప్పించుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారమే బాగేపల్లి మీదుగా గూళూరు పోయాను. నరసమ్మ కూతురు లచ్చమ్మ అక్కడే ఉంది. యాభై దాటిన మనిషి. వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నేను ఫలానా ఆయన కూతుర్నని చెప్తే చేతిలో పని ఆపలేదు, కూర్చోమనీ అనలేదు. నేనే కింద కూర్చుని ఆమె పక్కన గింజలు తీయడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆమే మాట్లాడింది.

"బుక్కు వచ్చిన దినం నేనే చదివినా. నాల్గో క్లాసు దాకా చదివినా కదా. ఒక పాట చదివి ఆపితే, ఇంకా ఉండాది చదువు అనింది అమ్మ. లేదమ్మా, ఇంతే అంటి. రెండో పాట కాడా అదే. పదకొండు పాటలకీ పదకొండు సార్లు అడిగింది. నేను సరిగ్గా చదవలేదని రెండు దెబ్బలు కూడా ఏసింది. ఆపొద్దు నించి ఆ పాటల్లో ఒక్కటీ నోటికి తీసుకోలే."

ఆ చివరి చరణాలు నీకేమైనా గుర్తున్నాయా అని అడిగాను. ఒక్క ముక్కా లేదంది. అప్పటికి తనకు పదిహేనేళ్ళు, మనసంతా ఇంకెక్కడో ఉండేదట.

నేను కాగితం తీసి మొదటి రెండు లైన్లు చదివాను. ఆమె చెయ్యి ఆగింది. మూడో లైను నేను సగం అనేలోపే ఆమె గొంతు కలిసింది. నాలుగోది నేను చదవలేదు. ఆమే పాడింది, నా కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, చివర కొంచెం లాగి. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

"అమ్మదే ఇది," అంది. "యాడ దొరికింది నీకు?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె భయపడలేదు, దణ్ణం పెట్టలేదు. "మిగతా పదీ?" అని మాత్రం అడిగింది. నా దగ్గర లేవని చెప్పాను.

ఆ తర్వాత హనుమంతప్ప దగ్గరికి ఎన్నోసార్లు పోయాను. ఆయన కేసు నా ముందు పెట్టి బయటికి వెళ్ళి కూర్చునేవాడు. స్టిక్కు పట్టుకుని గంటలు నిలబడ్డాను. ఎడమచెయ్యి గళ్ళలో తడుముకోవడం తప్ప ఏమీ రాలేదు. పొద్దుగూకితే ఆయనే టీ తెప్పించి ఇచ్చి బస్సెక్కించేవాడు.

ప్రొఫెసర్ నుంచి రెండుసార్లు ఉత్తరం వచ్చింది. చరణానికి ఆధారం రాయకపోతే దాన్ని తీసేసి వ్యాసం వేస్తామన్నాడు. తీసేస్తే మళ్ళీ నరసమ్మ పేరు పోతుంది. ఈసారి కూడా అచ్చులోంచి తీసినవాళ్ళం మా ఇంటివాళ్ళమే అవుతాం. నిజం రాస్తే వ్యాసం మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది, నన్ను చూసి నవ్వుతారు, అది వేరే సంగతి. దిక్కుతోచక మళ్ళీ గూళూరు పోయి లచ్చమ్మతో చెప్పుకున్నాను.

"నేను చెప్పినానని రాసుకో తల్లీ," అంది. "సగం నేను పాడినా కదా. అమ్మ పేరు నిలిస్తే అంతే చాలు."

అలాగే రాశాను. నరసమ్మ కుమార్తె లక్ష్మమ్మ, గూళూరు, నోటి ద్వారా సేకరించినది. వ్యాసం అచ్చయింది. ఇప్పుడు ఆ పాటల గురించి రాసేవాళ్ళు నరసమ్మ పేరే రాస్తున్నారు, నా పాదసూచికనే చూపిస్తున్నారు. పిల్లలకు ఆధారం గురించి పాఠం చెప్పే మనిషిని, తెలిసి తెలిసి తప్పు ఆధారం అచ్చు వేయించాను. అందుకు సిగ్గుపడతాను, విచారించను. లచ్చమ్మ పోయిన ఏడు కాలం చేసింది. ఆ పాదసూచిక వెనక సంగతి తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి ఇప్పుడు చెప్తున్నాను.

ఆ పొద్దు నా చేతికి అది ఎలా వచ్చిందో నాకు తెలియదు. అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. తెలియకపోవడం కూడా నన్ను అంతగా బాధపెట్టదు. మా నాయన జీవితమంతా కేసు ముందు నిలబడి అడిగింది ఆ నాలుగు లైన్లే. ఆయన పోయాక వచ్చాయవి, ఆయన ఎన్నడూ టైపు ముట్టనివ్వని చేతికి. ఆ ప్రూఫు ఆయన ఒక్కసారి చూసి పోయి ఉంటే బాగుండేది.